సూపరింటెండెంట్ గార్లకు: మొదటి అడ్రినలిన్ డోసు సిస్టర్ చేతికి ఇవ్వండి

గౌరవనీయులైన సూపరింటెండెంట్ గార్లకు,

నమస్కారం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులను నడిపే మీ అందరికీ కలిపి రాస్తున్న ఉత్తరం ఇది. నేను స్టాఫ్ నర్సుగా ఉద్యోగంలో చేరి హెడ్ నర్సుగా రిటైరైనదాన్ని. మెడికల్ వార్డు, ప్రసూతి వార్డు, కొంతకాలం క్యాజువాలిటీ చూశాను. మిమ్మల్ని అడిగేది ఒక్క ఉత్తర్వు. వార్డులో రోగికి తీవ్రమైన అలర్జీ రియాక్షన్, అంటే అనాఫిలాక్సిస్, వస్తోందని సిస్టర్‌కి అనిపిస్తే డాక్టరు వచ్చేదాకా ఆగకుండా తొడ కండలో మొదటి అడ్రినలిన్ ఇంజెక్షన్ తనే ఇవ్వొచ్చని, ఇచ్చినందుకు ఆమెను ఎవరూ నిలదీయరని మీ సంతకంతో ఒక కాగితం కావాలి. దీనికి కొత్త మిషను అక్కర్లేదు, టెండర్ అక్కర్లేదు. ఆ మందు మీ స్టోర్లో ఇప్పటికే ఉంది.

ఇప్పుడేం జరుగుతోందో మీకు తెలియనిది కాదు. సాయంత్రం మందుల రౌండు. యాంటీబయాటిక్ నరంలోకి వెళ్తుండగానే రోగి అరచేతులు దురద అంటాడు. మొహం ఎర్రబడుతుంది, దగ్గు మొదలవుతుంది, 'నాకేదో అయిపోతోంది సిస్టర్' అంటాడు. ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు, అది కూడా ఈ రియాక్షన్ లక్షణాల్లో ఒకటి. సిస్టర్ మందు ఆపి డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేస్తుంది. ఆయన ఒక్కరే లేబర్ రూమూ చూడాలి, క్యాజువాలిటీ చూడాలి. 'ఏవిల్, డెకాడ్రాన్ ఇచ్చి ఉంచండి, వస్తున్నా' అంటారు. మొదటిది యాంటీహిస్టమిన్, రెండోది స్టెరాయిడ్. ఇస్తారు. ఆక్సిజన్ పెడతారు. ఆయాసపడుతున్నాడని బంధువులు లేపి కూర్చోబెడతారు. డాక్టరు గారొచ్చేసరికి బీపీ అందదు. అప్పుడు అడ్రినలిన్ కోసం బీరువా తాళం వెతుకుతారు. మర్నాడు పేపర్లో 'ఇంజెక్షన్ వికటించి మృతి' అని జిల్లా ఎడిషన్‌లో ఒక కాలమ్ వార్త.

ఇందులో ఎవరూ ఖాళీగా కూర్చోలేదు. అందరూ పరుగులు పెట్టారు. చేసిన పనుల వరసే తప్పు.

బ్రిటన్‌లో అనాఫిలాక్సిస్ మరణాలను ఏళ్ల తరబడి పరిశీలించిన డాక్టర్ పంఫ్రీ 2000లో ఒక లెక్క ప్రచురించారు. తిండి వల్ల వచ్చిన రియాక్షన్‌లో ఊపిరి గానీ గుండె గానీ ఆగేదాకా పట్టిన కాలం మధ్యస్థంగా 30 నిమిషాలు. కందిరీగలు, తేనెటీగలు కుడితే 15. ఆసుపత్రిలో ఇచ్చిన మందుల వల్ల అయితే 5. అలా మందుల వల్ల చనిపోయినవాళ్ళలో సగం మందికి 5 నిమిషాలకు మించి దొరకలేదన్నమాట. మన ఆసుపత్రుల్లో రెండో అంతస్తు నుంచి డ్యూటీ డాక్టరు దిగి రావడానికి ఎంతసేపు పడుతుందో ఒకసారి మీరే గడియారం పెట్టి చూడండి.

ఇక మనం ముందు ఇచ్చే ఆ రెండు మందుల సంగతి. అలర్జీ రేగినప్పుడు శరీరంలోని మాస్ట్ కణాలు పగిలినట్టై హిస్టమిన్‌తో పాటు ఇంకా చాలా రసాయనాలను ఒక్కసారిగా వదిలేస్తాయి. రక్తనాళాలు వదులైపోతాయి, వాటిలోంచి నీరు బయటి కణజాలంలోకి ఊరిపోతుంది, బీపీ పడిపోతుంది. శ్వాసనాళాలు బిగుసుకుంటాయి, గొంతు లోపల వాస్తుంది. ఏవిల్ అడ్డుకునేది హిస్టమిన్‌ను మాత్రమే. దురద, దద్దుర్లు తగ్గుతాయి, గొంతు వాపు తగ్గదు, పడిపోయిన బీపీ లేవదు. పైగా మత్తు వస్తుంది కాబట్టి రోగి నీరసించాడా, మత్తులో ఉన్నాడా అన్నది తేల్చుకోవడం కష్టం. డెకాడ్రాన్, హైడ్రోకార్టిసోన్ లాంటి స్టెరాయిడ్లు పనిచేయడానికి గంటలు కావాలి. అడ్రినలిన్ ఒక్కటే నాళాలను బిగించి, గుండెకు బలమిచ్చి, శ్వాసనాళాలను తెరిచి, మాస్ట్ కణాలు ఇంకా రసాయనాలు వదలకుండా ఆపుతుంది. బ్రిటన్ రిససిటేషన్ కౌన్సిల్ 2021లో తన మార్గదర్శకాలను సవరించి, మొదటి చికిత్సలోంచి యాంటీహిస్టమిన్లను, స్టెరాయిడ్లను మామూలుగా వాడటం తీసేసింది. మన దగ్గర మాత్రం ఆ రెండే మొదట గుర్తొస్తాయి. అవి ఇచ్చాక 'ట్రీట్‌మెంట్ మొదలుపెట్టాం' అన్న తృప్తి కలుగుతుంది. నా అభిప్రాయం ఏమిటంటే, ఏవిల్ చేసే అసలు కీడు ఆ తృప్తే.

అడ్రినలిన్ అంటే మన వార్డుల్లో ఒక భయం ఉంది. గుండె ఆగినవాళ్ళకి సీపీఆర్ చేస్తూ నరంలోకి ఎక్కించే మందుగానే దాన్ని చూశాం. బతికున్న మనిషికి ఇస్తే గుండె తట్టుకోదేమో అనుకుంటాం. నరంలోకి ఒక్కసారిగా తోస్తే నిజంగానే ప్రమాదం, కానీ తొడ కండలో అర మిల్లీగ్రాము సంగతి వేరు. గుండె దడ, చేతుల వణుకు, తలనొప్పి, కాసేపు టెన్షన్‌గా ఉండటం, అంతే. అవి తగ్గిపోతాయి. అనాఫిలాక్సిస్ వచ్చిన మనిషికి ఇది ఇవ్వకూడదని చెప్పే కారణం వైద్యశాస్త్రంలో ఒక్కటీ లేదు, గుండె జబ్బు ఉన్నవాళ్ళకైనా సరే.

ఇంకో అలవాటు, చర్మం కింద ఇవ్వడం. పిల్లల్లో చేసిన ఒక అధ్యయనంలో తొడ కండలో ఇచ్చినప్పుడు రక్తంలో మందు సుమారు 8 నిమిషాల్లో గరిష్ఠ స్థాయికి చేరితే, చర్మం కింద ఇచ్చినప్పుడు 34 నిమిషాలు పట్టింది. 5 నిమిషాల్లో ప్రాణం పోయే చోట ఆ తేడా ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నా అసలు వాదన. టీకాల కార్యక్రమంలో రియాక్షన్ వస్తే వయసుకు తగ్గ ఒక్క డోసు అడ్రినలిన్ కండలో ఇవ్వడానికి కేంద్ర ఆరోగ్య శాఖ ఏఎన్‌ఎంలకు ఎప్పుడో అనుమతి ఇచ్చింది. వాళ్ళ కిట్‌లో ఆంపూల్స్, అంటే మందు నింపిన చిన్న గాజు గొట్టాలు, ఉంటాయి, సిరంజీలు ఉంటాయి, ఏ వయసుకు ఎంతో చార్టు ఉంటుంది. 2021లో కోవిడ్ టీకా వేయించుకున్నాక అరగంట కూర్చోబెట్టింది, పక్కన కిట్ పెట్టింది అందుకే. అంటే డాక్టరు లేని పల్లెలో, అంగన్‌వాడీ గదిలో ఏఎన్‌ఎం అమ్మాయి ఇవ్వగలిగిన మందును, ఆక్సిజన్, సెలైన్, మానిటర్ అన్నీ ఉన్న వార్డులో జీఎన్‌ఎమ్మో బీఎస్సీ నర్సింగో చదివిన సిస్టర్ ఇవ్వాలంటే ఆర్డర్ కోసం ఎదురుచూడాలి. ఇది ఏ లెక్కన సబబో ఎవరైనా చెప్తే వింటాను.

సిస్టర్లు గుర్తుపట్టలేరేమో అన్న సందేహం రావచ్చు. పొరపాటు పడే సందర్భాలు నిజంగా ఉన్నాయి. సూది చూసి కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళకి నాడి నెమ్మదిగా కొట్టుకుంటుంది, ఒళ్ళు పాలిపోతుంది, పడుకోబెట్టగానే తేరుకుంటారు. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ వేగంగా ఎక్కిస్తే మెడ, ఛాతీ ఎర్రబడతాయి. చాలాసార్లు అది వేగం తగ్గిస్తే తగ్గిపోయేది. ఐరన్ ఎక్కించేటప్పుడు కొందరికి మొహం ఎర్రబడి, ఛాతీ పట్టేసినట్టై, నడుం నొప్పి వస్తుంది. బీపీ పడదు, పిల్లికూతలు ఉండవు. అప్పుడు డ్రిప్ ఆపి కనిపెట్టుకుని ఉంటే చాలు, ఏవిల్ ఇస్తేనే అనవసరంగా బీపీ తగ్గి అయోమయం పెరుగుతుంది. ఈ తేడాలన్నీ ఒక మధ్యాహ్నం క్లాసులో నేర్పగలిగినవే. అయినా తేల్చుకోలేకపోతే? అవసరం లేని మనిషికి అర మిల్లీగ్రాము కండలో ఇస్తే కాసేపు దడ వస్తుంది. అవసరమైన మనిషికి ఇవ్వకపోతే ఏమవుతుందో మార్చురీ రిజిస్టర్ చెప్తుంది.

దీనికి ఎదురుగా, దద్దుర్లు కనబడలేదు కాబట్టి అలర్జీ కాదనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. పదిలో ఒకరిద్దరికి చర్మం మీద ఏమీ కనబడదు. ఇంజెక్షన్ ఇచ్చిన నిమిషాల్లో ఉన్నట్టుండి ఆయాసమో, గొంతు బొంగురుపోవడమో, బీపీ పడిపోవడమో కనిపిస్తే చాలు, అనాఫిలాక్సిస్ అనుకునే మొదలుపెట్టాలి.

కారణాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అడ్రినలిన్ కిట్ ఎక్కడెక్కడ ఉండాలో అవే చెప్తాయి. బ్రిటన్‌లో ఆపరేషన్ల సమయంలో వచ్చే తీవ్ర రియాక్షన్ల మీద దేశమంతా ఆడిట్ చేసి 2018లో నివేదిక ఇచ్చారు. కారణాల్లో దాదాపు సగం యాంటీబయాటిక్స్. తర్వాతి స్థానం మత్తు ఇచ్చేటప్పుడు కండరాలను సడలించడానికి వాడే మందులది. మూడోది మనం ఊహించనిది, చర్మం శుభ్రం చేయడానికి వాడే క్లోర్‌హెక్సిడిన్. మన వార్డుల్లో వీటికి తోడు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి ఇంజెక్షన్లు, సీటీ స్కాన్‌కి ముందు ఎక్కించే కాంట్రాస్ట్ మందు, రక్తం, గర్భిణులకు ఇచ్చే ఐరన్ సుక్రోజ్, పాముకాటుకి ఇచ్చే విరుగుడు. స్కాన్ సెంటర్లో టెక్నీషియన్ తప్ప ఎవరూ లేని వేళలుంటాయి. అక్కడ కిట్ ఉందో లేదో ఒకసారి కనుక్కోండి.

పాము విరుగుడు గుర్రాల రక్తంలోంచి తయారవుతుంది, కాబట్టి రియాక్షన్ అరుదేం కాదు. 2018 వానాకాలంలో దివిసీమ నుంచి అవనిగడ్డ ఆసుపత్రికి పాముకాటు కేసులు వరసగా వచ్చాయి. అలాంటి రోజుల్లో ప్రతి బెడ్ దగ్గరా అడ్రినలిన్ సిరంజిలోకి లాగి సిద్ధంగా పెట్టుకున్నాకే విరుగుడు మొదలుపెట్టాలి. రియాక్షన్ వస్తే విరుగుడు ఆపి, అడ్రినలిన్ ఇచ్చి, రోగి తేరుకున్నాక నిదానంగా మళ్ళీ ఎక్కించాలి. 'పడలేదు' అని విరుగుడే మానేస్తే పాము విషం తన పని తాను చేసుకుపోతుంది.

టెస్ట్ డోస్ గురించి రాస్తే మీలో కొందరికి కోపం రావచ్చు. అయినా రాయాలి. చర్మంలోకి చుక్క మందు ఎక్కించి, కాసేపాగి, పెన్నుతో చుట్టూ గీసిన గుండ్రం చూసి 'ఏఎస్‌టీ నెగటివ్', అంటే పరీక్షలో అలర్జీ కనబడలేదు, అని కేస్ షీటులో రాస్తాం. ముందెప్పుడూ అలర్జీ లేనివాళ్ళలో ఈ పరీక్ష రాబోయే రియాక్షన్‌ను నమ్మకంగా పట్టుకోదు. పలచన చేయకుండా వేస్తే మందు ఘాటుకే చర్మం ఎర్రబడి, అలర్జీ లేనివాళ్ళకి కూడా ఉన్నట్టు చూపిస్తుంది. ఆ చుక్కకే రియాక్షన్ వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఐరన్ ఇంజెక్షన్లకి టెస్ట్ డోస్ వద్దని ఐరోపా మందుల సంస్థ 2013లోనే చెప్పింది, టెస్ట్ డోస్ పడినవాళ్ళకి కూడా తర్వాత రియాక్షన్లు వచ్చాయి గనక. పాము విరుగుడుకి చర్మ పరీక్ష వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. కుక్కకాటుకి ఇచ్చే గుర్రపు సీరానికి కూడా అక్కర్లేదని 2018లో చెప్పింది. సెఫలోస్పోరిన్ రకం యాంటీబయాటిక్స్‌కు అందరికీ చర్మ పరీక్ష చేసే అలవాటు మనకన్నా ఎక్కువున్న చైనా కూడా 2021లో అది మానుకోమని తన ఆసుపత్రులకు మార్గదర్శకాలిచ్చింది.

అయినా మన దగ్గర ఎందుకు పోదంటే, రోగి చనిపోయాక విచారణలో మొదటి ప్రశ్న 'టెస్ట్ డోస్ వేశారా?' అనేదే. 'అడ్రినలిన్ ఎన్నో నిమిషంలో ఇచ్చారు?' అని అడిగినవాళ్ళను నేను చూడలేదు. సిస్టర్ తనను కాపాడుకోవడానికి టెస్ట్ డోస్ వేస్తుంది, రోగిని కాపాడటానికి కాదు. నెగటివ్ అని రాశాక ధైర్యం వస్తుంది, మందు గబగబా తోసేసి పక్క బెడ్‌కి వెళ్తుంది. ఆ సమయాన్ని రెండు పనులకు వాడితే ఎంతో మేలు. ఒకటి, 'ఇదివరకు ఏ మాత్రకైనా, ఇంజెక్షన్‌కైనా ఒళ్ళు దద్దుర్లు గానీ ఆయాసం గానీ వచ్చిందా?' అని ప్రతి కొత్త మందుకు ముందూ అడగటం. రెండు, మొదటి డోసు నిదానంగా ఎక్కించి కాసేపు అక్కడే నిలబడటం. 'పోయినసారి ఇదే మందు పడింది' అన్నది కూడా హామీ కాదు. ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు పోర్టియర్, రిషే 1902లో ఈ జబ్బును లోకానికి చెప్పింది సరిగ్గా ఆ కారణంగానే: మొదటిసారి సముద్రజీవి విషాన్ని తట్టుకున్న కుక్క, కొన్ని వారాల తర్వాత అదే విషం కొద్దిగా ఇస్తే చనిపోయింది. రిషేకి 1913లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఉత్తర్వులో ఏముండాలో కూడా రాస్తాను, మీ ఎనస్థీషియా డాక్టరు గారికి చూపించి సరిచేయించండి. అనుమానం రాగానే మందు ఆపాలి, నరంలో సూది తీయకూడదు. రోగిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తాలి. ఆయాసం మరీ ఎక్కువైతే కాళ్ళు చాపి తల వైపు ఎత్తు పెట్టొచ్చు, కానీ లేపి నిలబెట్టడం, బాత్రూమ్‌కి నడిపించడం వద్దు. బీపీ పడిపోయి ఉన్న మనిషిని లేపితే గుండెకు చేరే రక్తం తగ్గి క్షణాల్లో గుండె ఆగిన సందర్భాలున్నాయి. గర్భిణిని ఎడమ వైపు తిప్పాలి. మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము ఉండే అడ్రినలిన్ ఆంపూల్‌లోంచి పెద్దవాళ్ళకి 0.5 మిల్లీలీటర్లు, 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి 0.3, అంతకన్నా చిన్నవాళ్ళకి 0.15, తొడ మధ్యలో బయటివైపు కండలోకి ఇవ్వాలి. ఆరు నెలలు నిండని పసివాళ్ళకి డోసు ఎంతో పిల్లల డాక్టరు గారితో ముందే రాయించి పెట్టుకోవాలి. బట్టల మీంచైనా సరే, ఆలస్యం వద్దు. 5 నిమిషాల్లో తేరుకోకపోతే, డాక్టరు ఇంకా రాకపోతే, రెండో డోసు. ఆక్సిజన్, ధారగా నార్మల్ సెలైన్. నరంలోకి అడ్రినలిన్ డాక్టరు మాత్రమే ఇవ్వాలి. సిస్టర్ సిరంజి మీద 'కండలోకి మాత్రమే' అని చీటీ అంటించి ఉండాలి. ఏవిల్ తర్వాత, దురద కోసం. చిన్న ఆసుపత్రుల వాళ్ళకి ఒక మాట: 108కి ఫోన్, రిఫరల్ చీటీ, ఇవన్నీ అడ్రినలిన్ తర్వాతే.

ఆంపూల్ గురించి ఇంకొంచెం. బీరువాలో తాళం వేసి పెట్టిన అడ్రినలిన్ లేనట్టే లెక్క. అది మత్తు పదార్థం కాదు, దానికి తాళం ఎందుకు? వేడికి, వెలుతురుకి అది పాడవుతుంది. రంగు గులాబీగానో గోధుమగానో మారితే పారేయాలి. మే నెలలో కిటికీ పక్కన ట్రేలో పెట్టిన ఆంపూల్స్ సంగతి నేను చెప్పక్కర్లేదు. ఒక చిన్న డబ్బాలో రెండు మూడు ఆంపూల్స్, 1 మిల్లీలీటరు సిరంజీలు, కండకి చేరే పొడవున్న సూదులు, డోసు చార్టు పెట్టి వెలుతురు పడని చోట ఉంచి, షిఫ్టు మారినప్పుడల్లా చూసుకోవాలి.

రోగి తేరుకున్నాక పని అయిపోలేదు. కొందరికి మందు మళ్ళీ ఇవ్వకపోయినా గంటల తర్వాత లక్షణాలు తిరగబెడతాయి. కనీసం 6 గంటలు, రెండో డోసు అవసరమైనవాళ్ళను 12 గంటలు దగ్గర పెట్టుకుని చూడాలి. వచ్చింది అనాఫిలాక్సిసేనా అని తేల్చడానికి తోడ్పడే ట్రిప్టేజ్ అనే రక్తపరీక్ష పంపే వీలుంటే రియాక్షన్ మొదలైన 4 గంటల్లోపు రక్తం తీసి పెట్టాలి.

డిశ్చార్జి కాగితం మీద మనం రాసే 'డ్రగ్ అలర్జీ +' అన్న ముక్క మరీ దారుణం. ఏ డ్రగ్? చీటీలో మోనోసెఫ్, సీసా మీద సెఫ్‌ట్రియాక్సోన్, రోగికి గుర్తుండేది 'ఎర్ర మూత ఇంజెక్షన్'. మందు అసలు పేరు తెలుగులో, ఇంగ్లీషులో రాసి, ఏం జరిగిందో ఒక్క వాక్యంలో చెప్పే కార్డు చేతికివ్వాలి. అదే సమయంలో ఊరికే ముద్ర వేయనూ కూడదు. పెన్సిలిన్ పడదని చెప్పుకునేవాళ్ళను పరీక్షించి చూస్తే పదిలో తొమ్మిది మందికి పైగా నిజంగా అలర్జీ ఉండదని అమెరికా అనుభవం. ఆ ముద్ర వల్ల వాళ్ళు జీవితాంతం ఖరీదైన, ఎక్కువ దుష్ఫలితాలున్న మందులు వాడుతుంటారు.

రియాక్షన్‌ని, మందుల దుష్ఫలితాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రాం ఆఫ్ ఇండియాకి తెలియజేయడం కూడా ఉత్తర్వులో చేర్చండి. 2010 నుంచి ఆ వ్యవస్థ ఉంది, ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరు. సిస్టర్లు కూడా రిపోర్టు చేయొచ్చు, అది తప్పు ఒప్పుకున్నట్టు కాదు. ఒకే బ్యాచ్ మందుతో ఒకే వార్డులో నలుగురికి చలి, వణుకు వస్తే అది అలర్జీ కాకపోవచ్చు, మందో సెలైనో కలుషితమై ఉండొచ్చు. రిపోర్టులు వెళ్తేనే అది బయటపడుతుంది. సీసా పారేయకుండా ఉంచమని కూడా చెప్పండి.

చివరిగా సస్పెన్షన్ల విషయం. రోగి పోతే బంధువులు వార్డులో కొట్టడానికి వస్తారు, మర్నాటికి ఇంజెక్షన్ ఇచ్చిన సిస్టర్ మీద చర్య తీసుకున్నామని ప్రకటన వస్తుంది. అన్నీ సరిగ్గా చేసినా అలర్జీ రావచ్చు. రావడం ఆమె తప్పు కాదు. వచ్చాక ఎన్ని నిమిషాల్లో అడ్రినలిన్ పడిందన్నది మాత్రం అడగండి, ఆ నిమిషాలు కేస్ షీటులో రాయించండి. ఆలస్యమైతే ఎందుకైందో, డబ్బా లేకనా, ఆర్డర్ రాకనా, తేల్చండి. ఇప్పుడు విచారణ కాగితాల్లో ఆ గడే లేదు.

ఉత్తర్వు మీ ఆసుపత్రి స్థాయిలోనే ఇవ్వొచ్చని నా నమ్మకం. పైనుంచి జీవో కావాలనుకుంటే రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలకూ రాయండి, ఈ ఉత్తరం నకలు నేనూ పంపుతున్నాను. ఏ ఆసుపత్రిలోనైనా సిస్టర్లకు క్లాసు పెడితే వచ్చి చెప్పడానికి సిద్ధం, బస్సు ఛార్జీలు కూడా అడగను. ముందు నైట్ డ్యూటీ వాళ్ళతో మొదలుపెట్టమని మాత్రం మనవి.

ఇట్లు,
రిటైరైన ఒక హెడ్ నర్సు